మాన్‌విచ్ డబ్బాతో స్లాపీ జో: పనిరోజు రాత్రి వంటకు ఎంతవరకు పనికొస్తుంది

అమెరికాలో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా టమాటా డబ్బాల వరుసలోనో, దాని పక్క వరుసలోనో మాన్‌విచ్ అనే సాస్ డబ్బా కనిపిస్తుంది. బీఫ్ ఖీమాను వేయించి, ఈ సాస్‌లో కాసేపు ఉడికించి, మెత్తని గుండ్రటి బన్నులో పెట్టుకుని తినే స్లాపీ జో అనే శాండ్‌విచ్ కోసమే దీన్ని తయారుచేస్తారు. సాయంత్రం ఆఫీసు నుంచి ఇల్లు చేరిన గంటన్నరలో వంట, భోజనాలు, పిల్లల హోంవర్క్ అన్నీ ముగియవలసిన ఇళ్లలో ఇలాంటి డబ్బాకు అలమారాలో గట్టి స్థానమే ఉంటుంది. మా ఇంట్లో కూడా ఉంది. అయితే ఈ డబ్బాను కొని తెచ్చిన చాలామంది ఒకసారి వండి, తియ్యగా, నీరునీరుగా ఉందని పక్కన పెట్టేయడం చూశాను. ఖీమాను వేయించే మొదటి పది నిమిషాలు సరిగా జరిగితే ఇదే డబ్బా ఎంతో మంచి భోజనం పెడుతుందని నా గట్టి నమ్మకం. కనుక ఈ సమీక్షలో సాస్ గురించి ఎంత చెబుతానో, ఖీమా గురించి అంతకన్నా ఎక్కువ చెబుతాను.

స్లాపీ జో పుట్టుక గురించి ఒకటికి మించిన కథనాలున్నాయి. అయోవా రాష్ట్రంలోని మస్కటీన్ పట్టణంలో 1926లో మొదలైన మెయిడ్-రైట్ అనే దుకాణం, సాస్ ఏమీ లేకుండా పొడిపొడిగా ఉడికించిన బీఫ్ ఖీమాను బన్నులో పెట్టి అమ్మింది. లూజ్ మీట్ అని పిలిచే ఆ శాండ్‌విచ్ అక్కడ ఇప్పటికీ ఆదరణలో ఉంది. అదే రాష్ట్రంలోని సూ సిటీలో జో అనే వంటవాడు దానికి టమాటా సాస్ చేర్చాడని కొందరంటారు. హవానాలోనూ, ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లోనూ ఇదే పేరుతో ఉన్న బార్ల నుంచి ఈ పేరు వచ్చిందని మరికొందరంటారు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి పాత డెలీలలో, అంటే శాండ్‌విచ్ దుకాణాల్లో, స్లాపీ జో అడిగితే మూడు రై రొట్టె ముక్కల మధ్య చల్లని మాంసపు పలుచని ముక్కలు, కోల్‌స్లా అనే క్యాబేజీ సలాడ్, మయొనైజ్‌తో చేసే రష్యన్ డ్రెస్సింగ్ పెట్టిన వేరే శాండ్‌విచ్ వస్తుంది. దానికీ, ఇక్కడ మాట్లాడుకుంటున్న వంటకానికీ సంబంధం లేదు.

టమాటా ఉత్పత్తులకు పేరున్న హంట్స్ 1969లో మాన్‌విచ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు అది కొనాగ్రా బ్రాండ్స్ అనే ఆహార కంపెనీ చేతిలో ఉంది. శాండ్‌విచ్ అంటే శాండ్‌విచ్చే గాని మాన్‌విచ్ అంటే భోజనం అని వాళ్లు ఏళ్ల తరబడి ప్రచారం చేసుకున్నారు. డబ్బాలో మాంసం ఉండదు, సాస్ మాత్రమే ఉంటుంది. మాంసం మనం తెచ్చుకోవాలి. ఒక పౌండు ఖీమాకు ఒక డబ్బా అన్నది లెక్క. పౌండు అంటే 454 గ్రాములు. ఖీమా వేయించి, కొవ్వు వంచేసి, సాస్ కలిపి వేడి చేయమని డబ్బా మీద రాసి ఉంటుంది. ఈ సూచనలో తప్పేమీ లేదు కాని, ‘వేయించి’ అన్న ఒక్క మాటలో ఇమిడి ఉన్న పనిని అది వివరించదు.

మూత తీసి చూస్తే సాస్ ముదురు ఎరుపులో, కెచప్ కన్నా పలుచగా, టమాటా ప్యూరీ కన్నా చిక్కగా కనిపిస్తుంది. అక్కడక్కడ ఎండబెట్టిన క్యాప్సికం తునకలు ఉంటాయి. వేడి చేయకుండా చెంచాతో రుచి చూస్తే మొదట తీపి, వెంటనే వెనిగర్ పులుపు, చివర్లో ఉప్పు తెలుస్తాయి. కారం దాదాపు తెలియదు. తీపి అమెరికన్ బార్బెక్యూ సాస్‌ల తరహాలోనే ఉంటుంది కనుక, ఆ రుచికి అలవాటుపడ్డ పిల్లలకు ఇది మొదటి ముద్ద నుంచే నచ్చుతుంది. కూరలో చిటికెడు బెల్లం పడినా గుర్తుపట్టే నాలుక ఉన్న పెద్దలకు మాత్రం ఇది ఉన్నది ఉన్నట్టుగా కొంచెం ఎక్కువ తీపే. ఈ తీపిని నేను లోపంగా చూడను. వేయించిన మాంసపు లోతైన రుచికి ఎదురు నిలవడానికి సాస్‌లో కొంత తీపి, కొంత పులుపు ఉండి తీరాలి. మాంసం సరిగా వేగకుండా ఉడికిపోయినప్పుడే ఆ తీపి ఒంటరిగా మిగిలి వెగటు పుట్టిస్తుంది.

ఇక ఖీమా సంగతి. అమెరికన్ దుకాణాల్లో బీఫ్ ఖీమా ప్యాకెట్ మీద 80/20, 85/15, 93/7 అని అంకెలు ఉంటాయి. మొదటిది కండ శాతం, రెండోది కొవ్వు శాతం. ఈ వంటకానికి 85/15 సరిగ్గా సరిపోతుంది. 80/20 రుచిగా ఉంటుంది గాని ఎక్కువ కొవ్వు వంచవలసి వస్తుంది. 93/7 తెస్తే వేగేటప్పుడు గట్టిపడి, సాస్‌లో నానినా రవ్వలా పంటి కింద తగులుతుంది. ఆరోగ్యం కోసం తక్కువ కొవ్వు కావాలనుకునేవారు కూడా 85/15 తెచ్చి, వేగాక కొవ్వు వంచేయడమే మేలు. ఎందుకంటే వేగేటప్పుడు కొవ్వు అక్కడ ఉండటం ముఖ్యం, తినేటప్పుడు కాదు.

మాంసం ఎర్రగా వేగి, ఆ వేపుడు వాసన రావాలంటే దాని ఉపరితలం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పచ్చి ఖీమాలో నీరు చాలా ఉంటుంది. ఆ నీరు ఆవిరి కానంత వరకు పెనంలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల చిన్న గిన్నెలో పౌండు ఖీమా వేసి, సన్నని మంట మీద గరిటెతో కలుపుతూ కూర్చుంటే అది తన నీళ్లలో తానే ఉడికి, బూడిద రంగుకు తిరిగి, అక్కడితో ఆగిపోతుంది. అలా కాకుండా 12 అంగుళాల వెడల్పు పెనం, వీలైతే పోత ఇనుముది, బాగా కాగనిచ్చి, ఒక చెంచా నూనె వేసి, ఖీమాను పెద్ద రొట్టెలా పరిచి, గరిటె పెట్టకుండా నాలుగైదు నిమిషాలు వదిలేయాలి. మొదట బుడబుడమని ఉడుకుతున్న శబ్దం వస్తుంది. నీరు ఇగిరేకొద్దీ ఆ శబ్దం చిటపటగా మారుతుంది. ఆ మార్పు విన్నాకే తిప్పాలి. అడుగున కాఫీపొడి రంగులో గట్టి పొర కట్టి ఉంటుంది. దాన్ని చెక్క గరిటెతో గీరుతూ, ఖీమాను విడదీస్తూ మరో మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. శనగగింజ అంత ఉండలు అక్కడక్కడ మిగిలినా మంచిదే. పూర్తిగా పిండిగా నలిపేస్తే బన్నులో పెట్టినప్పుడు తిన్నట్టే ఉండదు. ఉప్పు ఈ దశలో వేయకూడదు. మాంసంలోని నీటిని అది బయటికి లాగుతుంది, పైగా సాస్‌లో ఉప్పు ముందే ఉంది.

భద్రత విషయంలో రాజీ అక్కర్లేదు. బీఫ్, మేక ఖీమా అయితే లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 డిగ్రీల సెల్సియస్, టర్కీ కోడి ఖీమా అయితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్ చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. కండ ముక్కలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగం అంతా లోపలికి కలిసిపోతుంది కనుక, మందపాటి కండ ముక్కగా వండే స్టేక్‌కు తక్కువ వేడి చాలన్న సడలింపు ఖీమాకు వర్తించదు. పైన చెప్పినట్టు వేయించి, సాస్‌లో మరికాసేపు ఉడికిస్తే ఆ వేడి సునాయాసంగా దాటుతుంది.

వేగిన ఖీమాను ఒక పక్కకు జరిపి, పెనం వంచి, తేరిన కొవ్వును ఒక ఖాళీ డబ్బాలోకి తీసేయాలి. సింకులో పోస్తే గొట్టంలో గడ్డకట్టి ప్లంబర్‌ను పిలవవలసి వస్తుంది. ఒక చెంచా కొవ్వు మాత్రం పెనంలో ఉంచుకుని, అందులో సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ, సగం ఆకుపచ్చ క్యాప్సికం వేయాలి. డబ్బాలోని ఎండు క్యాప్సికం వాసన ఇవ్వగలదు గాని కొరికినప్పుడు తగిలే తాజాదనం ఇవ్వలేదు. ఈ రెండింటిలోని తడికి పెనం అడుగున అంటుకున్న గోధుమరంగు పొర కరిగి పైకి వస్తుంది. ఆ పొరలోనే ఈ వంటకం రుచి అంతా ఉంది కాబట్టి దాన్ని వదలకుండా గీరుకోవాలి. ఉల్లి మెత్తబడ్డాక రెండు రెబ్బల వెల్లుల్లి తరుగు వేసి, అర నిమిషం తర్వాత సాస్ పోయవచ్చు.

డబ్బా సూచనల ప్రకారం వేడెక్కితే చాలు. కాని సన్నని మంట మీద మూత లేకుండా పది పన్నెండు నిమిషాలు ఉడకనిస్తే ఆ వ్యత్యాసం చాలా పెద్దది. సాస్ ఖీమాను పట్టుకుంటుంది. గరిటెతో పెనం మధ్యలో గీత గీస్తే అది రెండు మూడు సెకన్లు అలాగే నిలిచి, తర్వాత నెమ్మదిగా మూసుకోవాలి. వెంటనే మూసుకుపోతే ఇంకా పలుచగా ఉన్నట్టు, అసలు మూసుకోకపోతే మరీ ఇగిరిపోయినట్టు. ఇగిరిపోతే రెండు చెంచాల వేడినీళ్లు కలిపితే సరిపోతుంది.

ఈ పది నిమిషాల్లోనే మన నాలుకకు తగ్గ చేర్పులు చేసుకోవచ్చు. ఒక చెంచా యాపిల్ సైడర్ వెనిగర్, ఒక చెంచా పసుపుపచ్చ మస్టర్డ్ సాస్, అర చెంచా మిరియాల పొడి తీపిని అదుపులోకి తెస్తాయి. వూస్టర్‌షైర్ అనే పులుపు, ఉప్పు కలిసిన నల్లని పలుచని సాస్ రెండు చెంచాలు వేస్తే మాంసపు రుచి ఇంకా లోతుగా తెలుస్తుంది. కారం కోసం మన ఇంటి మిరప్పొడి అర చెంచా మించనక్కర్లేదు. అమెరికన్ వంటల్లో చెప్పే చిల్లీ పౌడర్ ఒట్టి కారం కాదు. అందులో జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో కలిసి ఉంటాయి. వాళ్ల కొలత ప్రకారం మన గుంటూరు కారం వేస్తే పిల్లలు ముట్టుకోరు. పెద్దలకు వేరుగా రెండు పచ్చిమిర్చి చీలికలు వేసుకుంటే హాయిగా ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, ధనియాల పొడి వేసేవారు ఉన్నారు. నేను ఆ పని చేయవద్దనే చెబుతాను. ఖీమా కూర కావాలనుకున్న రోజున ఖీమా కూరే వండుకుందాం. మన మసాలాలు చేరగానే ఈ సాస్‌లోని తీపి, వెనిగర్ పులుపు వాటితో పొసగక, అటు స్లాపీ జో గాని ఇటు ఖీమా కూర గాని కానిది ఒకటి మిగులుతుంది.

బన్ను విషయాన్ని తేలిగ్గా తీసుకుంటే ఇంత శ్రమా వృథా అవుతుంది. మామూలు హ్యాంబర్గర్ బన్ను చాలా మెత్తన. నేరుగా ఖీమా పెడితే రెండు నిమిషాల్లో కింది సగం తడిసి చేతిలో ఊడిపోతుంది. కోసిన వైపు పలుచగా వెన్న రాసి, పొడి పెనం మీద బంగారు రంగు వచ్చేవరకు కాల్చుకోవాలి. దాని మీద ఒక చెడ్డార్ లేదా ప్రోవలోన్ చీజ్ ముక్క పరిచి, ఆపైన ఖీమా పెడితే, కరిగిన చీజ్ సాస్‌ను రొట్టెలోకి దిగకుండా ఆపుతుంది. బ్రియోష్ బన్నులు చూడ్డానికి అందంగా ఉన్నా వాటి తీపి, సాస్ తీపి కలిసి మొహం మొత్తిస్తాయి. పొటాటో రోల్స్ కొంచెం గట్టిగా నిలబడతాయి కనుక నా మొదటి ఎంపిక అవే. పక్కన పుల్లటి డిల్ పికిల్ (ఊరబెట్టిన దోసకాయ) ముక్కలు తప్పనిసరి. క్యాబేజీ కోల్‌స్లా ఉంటే ఇంకా మంచిది. మనవాళ్లు ఉల్లిపాయ చక్రాల మీద నిమ్మరసం పిండి నంజుకోవడం కూడా దీనికి చక్కగా కుదురుతుంది.

ఇదే వంటకానికి మార్కెట్లో మరో రెండు దారులున్నాయి. మెకార్మిక్ పొడి ప్యాకెట్ ఒకటి. దానికి 6 ఔన్సుల టమాటా పేస్ట్ డబ్బా, నీళ్లు మనం కలుపుకోవాలి. టమాటా రుచి చిక్కగా తెలియడం, చిక్కదనం మన చేతిలో ఉండటం దాని బలం. రెండు వస్తువులు గుర్తుపెట్టుకుని కొనవలసి రావడం చిన్న ఇబ్బంది. రెండోది పూర్తిగా ఇంట్లో కలుపుకునే సాస్. ముప్పావు కప్పు కెచప్, రెండు చెంచాల టమాటా పేస్ట్, ఒక చెంచా బ్రౌన్ షుగర్, ఒక చెంచా మస్టర్డ్, ఒక చెంచా వూస్టర్‌షైర్ సాస్, రెండు చెంచాల వెనిగర్, పావు కప్పు నీళ్లు కలిపితే పౌండు ఖీమాకు సరిపోతుంది. నిజం చెప్పాలంటే తీపి, ఉప్పు మన అదుపులో ఉంటాయి కనుక రుచిలో ఇదే అన్నిటికన్నా మెరుగు. సీసాలన్నీ ఫ్రిజ్‌లో ఉన్న ఇంట్లో అదనంగా పట్టే సమయం ఐదు నిమిషాలు కూడా కాదు. అయినా అలసిపోయిన రాత్రి ఆరు మూతలు తెరిచి కొలిచే ఓపిక అందరికీ ఉండదు. ఒక్క మూత తెరిస్తే పని జరగడమే మాన్‌విచ్ అసలైన విలువ, ఆ విలువను నేను తక్కువ చేసి చూడను. రక్తపోటు కారణంగా ఉప్పు తగ్గించుకోవలసినవారు, చక్కెర లెక్క చూసుకునేవారు మాత్రం డబ్బా వెనుక ఉన్న పోషకాల పట్టిక చదివి నిర్ణయించుకోవాలి. ఆ పట్టికలోని అంకెలు పావు కప్పు సాస్‌కు ఇచ్చినవి. నిండుగా పెట్టుకునే శాండ్‌విచ్‌లోకి అంతకన్నా ఎక్కువే వెళ్లవచ్చు.

ఒక డబ్బాతో ఆరు శాండ్‌విచ్‌లు వస్తాయి. పెద్దలు చెరి రెండు, పిల్లలు చెరొకటి తింటే నలుగురి ఇంటికి ఒక పూట సరిగ్గా సరిపోతుంది. పెనం పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి కంచంలో పడేవరకు అరగంట చాలు. ఒకే పెనం కడిగితే సరి. అన్నం, పప్పు, కూర మూడూ వండే సాయంత్రంతో చూస్తే ఇది పెద్ద ఊరట, అందుకే పనిరోజుకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను.

మన ఇళ్లలో బీఫ్ తినేవారూ ఉన్నారు, తిననివారూ ఉన్నారు. తెలంగాణలో పెద్దకూరగా దాన్ని పండుగలకూ పబ్బాలకూ వండుకునే కుటుంబాల నుంచి వచ్చినవారికి ఈ వంటకం పరాయిగా అనిపించదు. తిననివారు కూడా డబ్బాను వదులుకోనక్కర్లేదు. హలాల్ దుకాణంలో దొరికే మేక ఖీమా దీనికి బాగా నప్పుతుంది. కాకపోతే సాస్‌లో మరో పది నిమిషాలు, కొన్ని నీళ్లు కలిపి ఉడకనివ్వాలి. టర్కీ ఖీమాలో కొవ్వు తక్కువ కనుక రెండు చెంచాల నూనె అదనంగా వేసి, అదే విధంగా కదపకుండా ఎర్రగా వేయించాలి. ఆ పని చేయకపోతే టర్కీ చప్పగా ఉండిపోతుంది. శాకాహారులు మీల్ మేకర్ రవ్వను వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, నూనెలో అంచులు గట్టిపడేవరకు వేయించి సాస్ కలుపుకోవచ్చు. అప్పుడు వూస్టర్‌షైర్ సాస్ బదులు సోయా సాస్ వాడాలి, ఎందుకంటే సాధారణంగా దొరికే వూస్టర్‌షైర్‌లో ఆంకోవీ చేప ఉంటుంది. డబ్బా మీది పదార్థాల జాబితాను కూడా కొనేముందు ఒకసారి చదువుకోవాలి.

మిగిలిన ఖీమాను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. బన్నుతో కాక విడిగానే దాచాలి. మరుసటి రోజుకు సాస్ ఇంకా బాగా పట్టి, రుచి ఒక మెట్టు పెరుగుతుంది. దాన్ని ఉడికించిన బంగాళాదుంప మీద వేసుకోవచ్చు, దోసెలో పెట్టి మడవవచ్చు. రెండు పౌండ్లు ఒకేసారి వండదలచినవారు మాత్రం ఖీమాను రెండు విడతలుగా వేయించాలి. ఒకే పెనంలో అంతా కుమ్మరిస్తే మళ్లీ నీళ్లలో ఉడకడమే అవుతుంది.